పాఠంలో ‘వారు’, గొంతులో ‘మేము’

తెలుగు భాషలో ఉత్తమ పురుష బహువచనానికి రెండు రూపాలున్నాయి. వినేవారిని కలుపుకొని పలికితే ‘మనం’, వారిని మినహాయించి పలికితే ‘మేము’. ఇంగ్లీషుకు గాని ఫ్రెంచికి గాని లేని ఈ సూక్ష్మభేదం పలు ద్రావిడ భాషలలో కనబడుతుంది. పాఠ్యపుస్తకాలను పరిశీలించేవారికి ఈ భేదం మంచి కొలమానం కాగలదు. ‘మన దేశం’, ‘మన పండుగలు’, ‘మన పూర్వులు’ అంటూ సాగే వాచకం ఆదివాసుల ప్రస్తావన రాగానే ‘వారు’ అనే ప్రథమ పురుషలోకి జారుకుంటుంది. ‘వారు కొండలలో నివసిస్తారు, వారు తేనె సేకరిస్తారు, వారు గుంపుగా నాట్యం చేస్తారు’ అన్న ధోరణి పలు తరాలుగా తరగతి గదికి పరిచితమైనదే. ఇందులో అసత్యం లేదు, అగౌరవం కూడా ఉద్దేశితం కాదు. అయితే ఆ పాఠం చదివే పిల్లలలో ఒకరు కోయ బాలిక కావచ్చుననీ, ఆ ‘వారు’ తన తల్లిదండ్రులేననీ పాఠం రాసినవారికి స్ఫురించినట్టు కనబడదు.

ఆదివాసి గొంతును తరగతి గదిలోకి తీసుకురావడం అనే ఆదర్శాన్ని విద్యావేత్తలు ఇటీవల తరచుగా ప్రకటిస్తున్నారు. ఆ మాటకు రెండు వేర్వేరు అర్థాలున్నాయి. ఆదివాసి బిడ్డకు అతని భాషలో చదువు చెప్పడం మొదటిది. ఆదివాసేతర బాలబాలికలు ఆదివాసి చెప్పినది వినేలా చేయడం రెండవది. మొదటిది ఏజెన్సీ గ్రామానికి సంబంధించిన సమస్యగాను, రెండవది అసలు సమస్యే కానట్టుగాను భావించడం పరిపాటి అయింది. పుదుచ్చేరి పట్టణంలోని నటేశన్ నగర్ వంటి పేటలో, అడవికి ఎంతో దూరాన చదువుకునే విద్యార్థికి ఈ చర్చతో ఏమి పని అని ఎవరైనా అడగవచ్చు. ఈ వ్యాసం చివర ఆ ప్రశ్నకే తిరిగి రావలసి ఉంటుంది. అంతకు ముందు తెలుగు నేల మీద జరిగిన ప్రయత్నాల మంచిచెడ్డలను బేరీజు వేయడం అవసరం.

పర్లాకిమిడి పాఠం

ఈ చరిత్రకు ఆద్యుడు గిడుగు రామమూర్తి పంతులు (1863–1940). వాడుక భాషా ఉద్యమ నాయకునిగా ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. అంతకు పూర్వమే ఆయన చేసిన సవర భాషా కృషి మాత్రం సభలలో ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు, పరిసరాలలోని సవరలతో పరిచయం పెంచుకుని, ఆ భాష తెలిసినవారిని ఇంట ఉంచుకుని దానిని నేర్చుకున్నారు. సవర భాషలో వాచకాలు, పాటలు, కథలు కూర్చారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి.

ఈ కృషిలో విమర్శకుడు గమనించవలసిన విశేషం ఒకటుంది. గిడుగు చేతిలో సవర భాష తెలుగు నేర్పడానికి వేసిన నిచ్చెన మాత్రమే కాలేదు. ఆయన ముందుగా తానే విద్యార్థి అయ్యారు. సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానికి చెందినది. తెలుగు లిపిలో చిహ్నంలేని కంఠమూలీయ స్పర్శం వంటి ధ్వనులు అందులో ఉన్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా నమోదు చేయడానికి ఆయన ధ్వనిశాస్త్ర సంకేతాలను ఆశ్రయించవలసి వచ్చింది. మాట్లాడేవాని నోట ఉన్నదే భాష అనే నియమాన్ని ఆయన సవర గూడేలలో ఆచరించి చూశారు. అదే నియమాన్ని తరువాత తెలుగు బడికి అన్వయించినప్పుడు పండితలోకం కలవరపడింది. వ్యావహారిక భాషోద్యమానికి గల మూలాలలో సవర కొండలు ఒకటని భావించడానికి ఇక్కడ తగినంత ఆస్కారం ఉంది. తెలుగు విద్యార్థి నేడు తనకు అర్థమయ్యే తెలుగులో పాఠం చదువుతున్నాడంటే, ఆ సౌలభ్యంలో సవరలకు బాకీపడిన భాగం కొంత ఉంది. ఈ బాకీని చెప్పే పాఠం మాత్రం అరుదు.

కథ అంతటితో ముగియలేదు. 1936లో సవర సమాజానికే చెందిన మంగై గొమాంగో తమ భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. బయటి పండితుడు ఎంత ఆదరంతో పనిచేసినా, సొంత అక్షరం కోసం ఆ సమాజం పడే ఆరాటం వేరుగా ఉంటుందనడానికి ఇదొక నిదర్శనం. గిడుగును ఘనంగా స్మరించే సందర్భాలలో గొమాంగో పేరు కూడా వినబడినప్పుడే సవర పాఠం పూర్తి అవుతుంది.

మార్లవాయి నుంచి గుంజాల వరకు

రెండవ ఘట్టం హైదరాబాదు సంస్థానానిది. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం నిజాం బలగాల కాల్పులలో మరణించిన తరువాత, గోండుల అశాంతికి గల కారణాలను తెలుసుకోవడానికి సంస్థాన ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన ఆదిలాబాదు ప్రాంతంలోని మార్లవాయిలో నివసించి, భూమి హక్కులతో పాటు విద్య గురించి కూడా సిఫారసులు చేశారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. గోండులకు గోండులే గురువులైన ప్రయత్నమది. ప్రత్యేక విద్యాధికారుల పర్యవేక్షణలో అది కొంతకాలం చక్కగా సాగింది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తరువాత తెలుగు మాధ్యమం స్థిరపడి, ఆ వాచకాలు మూలపడ్డాయి.

ఈ పథకం ఘనతను తగ్గించనవసరం లేదు. అది ఒక తిరుగుబాటు అణచివేత అనంతరం పుట్టిన పాలనా చర్య అన్న సంగతిని విస్మరించనూ రాదు. భూమి కోసం ఎత్తిన గొంతుకు ప్రభుత్వం ఇచ్చిన సమాధానాలలో బడి ఒకటి. అందుచేత గోండు బడి చరిత్రను భూమి చరిత్ర నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు. భాషను మాత్రమే లోనికి రానిచ్చి, ఆ భాషలో చెప్పుకున్న కష్టాన్ని గుమ్మం బయట నిలిపే పాఠం సగం పాఠమే.

గోండుల వాఙ్మయం మార్లవాయి వాచకాలతో మొదలైనది కాదు. కిక్రీ వాద్యం మీద గోండు వంశాల పుట్టుపూర్వోత్తరాలను పాడే ప్రధాన్లు వారికి వంశపారంపర్య కథకులు. హైమెన్‌డార్ఫ్ 1948లో ప్రకటించిన ఆదిలాబాదు రాజ్‌గోండుల గ్రంథంలోని పురాగాథలకు మూలం ఆ గాయకులే. ఆ తరువాత ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలోని రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. జయధీర్ తిరుమలరావు ప్రభృతుల పరిశ్రమతో ఆ లిపి విద్వల్లోకానికి పరిచయమైంది. 2018లో ‘గుంజాల గోండి’ పేరుతో యూనికోడ్ ప్రమాణంలో చోటు పొందింది. గోండీకి లిపి లేదన్న తీర్పు పాఠ్యపుస్తక రచయితలకు ఎంతో సౌకర్యంగా ఉండేది. ఆ తీర్పు నిలబడదని గుంజాల గృహస్థులు దాచుకున్న కాగితాలు తేల్చిచెప్పాయి. లిపి లేకపోయినా వాఙ్మయం ఉంటుందని ప్రధాన్ల పాట అంతకు ముందు నుంచే చెబుతూ ఉంది.

ఎనిమిది భాషల వాచకాలు

రాజ్యాంగంలోని 350–ఎ అధికరణం 1956 నుంచి భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించే బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం, 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆ ఆశయాన్నే మరొకసారి వక్కాణించాయి. చెప్పుకోదగిన ఆచరణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైంది. సవర, కువి, కొండ, ఆదివాసి ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషలలో, మొదట 240 పాఠశాలలలో బహుభాషా విద్యా కార్యక్రమాన్ని ప్రవేశపెట్టారు. ఈ ఎనిమిదింటిలో ముండా, ద్రావిడ, ఇండో–ఆర్యన్ అనే మూడు భాషాకుటుంబాలవి ఉన్నాయి. అన్నింటికీ తెలుగు లిపినే ఎంచుకున్నారు. వాచకాల తయారీలో ఆయా భాషలు మాట్లాడే ఉపాధ్యాయులు పాల్గొన్నారు. పిల్లవాడు ముందుగా ఇంటి భాషలో చదవడం నేర్చి, తరువాత క్రమంగా తెలుగులోకి రావడం ఈ కార్యక్రమం పద్ధతి.

దీని విలువను తక్కువచేసి చెప్పడానికి వీలులేదు. ఒకటో తరగతిలో గురువు మాట అర్థంకాక మౌనంగా కూర్చునే బిడ్డ, బడి మానేసిన తరువాత లెక్కల పట్టికలో ఒక అంకెగా మిగిలిపోతుంది. ఆ మౌనానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, భాష వేరు కావడం అని రాష్ట్రం అధికారికంగా అంగీకరించడమే పెద్ద అడుగు. తెలుగు లిపిని ఎంచుకోవడానికి కూడా సహేతుకమైన కారణం ఉంది. రెండు భాషలకు ఒకే లిపి ఉంటే పసివాని మీద భారం తగ్గుతుంది. అయితే గిడుగును ఇబ్బంది పెట్టిన ధ్వనుల సమస్య అలాగే నిలిచి ఉంటుంది. గొమాంగో లిపి, గుంజాల లిపి పుస్తకం బయటనే ఉండిపోతాయి.

ప్రధానమైన ఆక్షేపణ మాత్రం వేరు. ఈ పద్ధతిని వర్ణించేటప్పుడు ‘వారధి’ అన్న పోలిక తరచుగా వినవస్తుంది. ఇంటి భాష నుంచి బడి భాషకు వారధి అంటారు. ఆ వారధి మీద రాకపోకలు ఒకవైపే సాగుతున్నాయి. ఆదివాసి బిడ్డ తెలుగులోకి దాటి వస్తాడు. తెలుగు బిడ్డ గోండీ వైపు ఒక్క అడుగు కూడా వేయడు. ఎనిమిది భాషలలో పెద్దలు చెప్పిన కథలు, పొడుపు కథలు, పాటలు కూర్చినప్పుడు, వాటిలో కొన్నైనా అనువాదమై మైదాన ప్రాంతపు తెలుగు వాచకంలోకి ప్రవేశించి ఉండవలసింది. అలా జరిగినప్పుడే అది ఇచ్చిపుచ్చుకోవడం అనిపించుకుంటుంది. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండీ మాట్లాడేవారు సుమారు 30 లక్షలు, కోయ, సవర భాషలు మాట్లాడేవారు చెరి 4 లక్షలకు పైగా ఉన్నారు. ఇంతమంది పలికే మాట పక్క జిల్లా పిల్లలకు ఒక్క వాక్యమైనా తెలియకపోవడం లోపమే.

వీరుల పాఠం, జాతర పాఠం

తెలుగు వాచకాలలో ఆదివాసులకు గౌరవస్థానం దక్కిన పాఠాలు లేకపోలేదు. 1922–24 నాటి మన్యం పోరాటం అందులో ముఖ్యమైనది. అల్లూరి సీతారామరాజు త్యాగాన్ని తెలుగు విద్యార్థి ఎరగనివాడు కాదు. అయితే ఆ కథ చెప్పే తీరు పరిశీలనార్హం. మైదానం నుంచి వచ్చిన నాయకుడు అమాయకులైన కొండజనాన్ని మేల్కొలిపినట్టుగా కథనం సాగడం పరిపాటి. కాని రంప ప్రాంతం 1879–80లోనే పెద్ద ఫితూరీ చూసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సేద్యాన్ని అడ్డుకోవడం, ముఠాదారుల పాత హక్కులు కుంచించుకుపోవడం, రోడ్డు పనులలో వెట్టిచాకిరి – ఇవన్నీ రాజు రాకకు ముందునుంచి మన్యం అనుభవిస్తున్నవే. ఆ పోరాటంలో గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు అగ్రశ్రేణి యోధులు. గంటందొర 1924లో ప్రాణాలర్పించారు. మల్లుదొర శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మన్యం వీరుడే పార్లమెంటు సభ్యుడు కావడం కంటే విద్యార్థికి ఆసక్తికరమైన విషయం ఏముంటుంది? సీతారామరాజు కీర్తికి ఏ లోటూ రాకుండా, ఆయన పక్కన నిలిచినవారి పేర్లు కూడా తరగతిలో వినబడవచ్చు. అప్పుడు మేల్కొలుపు కథ కాస్తా కలిసి సాగిన పోరాట కథ అవుతుంది.

మేడారం ఇంతకంటె క్లిష్టమైన ఉదాహరణ. రెండేళ్లకొకసారి జరిగే సమ్మక్క సారలమ్మల జాతర వాచకాలలో సాధారణంగా ‘పండుగలు, ఉత్సవాలు’ అనే విభాగంలో కనబడుతుంది. లక్షల జనం, గద్దెలు, నిలువెత్తు బెల్లం – ఇదీ వర్ణన. చరిత్ర విభాగంలో కాకతీయుల చెరువులు, తోరణాలు, రామప్ప శిల్పం దర్శనమిస్తాయి. సమ్మక్క ఎవరితో పోరాడి నేలకొరిగిందని అడిగితే ఆ రెండు విభాగాలు ఒక్కచోటికి వస్తాయి. కప్పం చెల్లించలేని కరువు కాలంలో మేడారం మీదికి వచ్చినది కాకతీయ సైన్యమేనని కోయల సంప్రదాయం చెబుతుంది. జంపన్న పేరును ఒక వాగు నేటికీ మోస్తున్నది. శాసనం చెప్పే చరిత్ర, గాథ చెప్పే చరిత్ర ఒకే పేజీ మీద పక్కపక్కన నిలిస్తే విద్యార్థి ఏది నమ్మాలి అన్న సందేహం ఉపాధ్యాయులకు కలగవచ్చు. ఆ సందేహమే చరిత్ర పాఠానికి తగిన ప్రారంభం. శాసనం ఎవరు వేయించారు, గాథను ఎవరు కాపాడారు, ఏది ఎందుకు మిగిలింది అని విచారించడం నేర్చిన బాలుడు కాకతీయుల ఘనతను మరింత వివేకంతో అర్థం చేసుకుంటాడు.

ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. కోయ గాయకులైన డోలీలు పడిగెలు పట్టి పాడే గాథకూ, అచ్చు పుస్తకాలలో ప్రచారమైన కథకూ భేదాలున్నాయి. తరగతిలోకి రావలసినది అచ్చు కథ ఒక్కటే కాదు, డోలీల పాట కూడా. ఆ పాటను కంఠస్థంగా కాపాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. గుస్సాడీ నృత్యగురువు, మార్లవాయి వాసి కనకరాజుకు 2021లో అదే గౌరవం దక్కింది. 2024లో ఇద్దరూ కన్నుమూశారు. సత్కారాలు సకాలంలో అందినందుకు సంతోషించవలసిందే. వారు జీవించి ఉండగా ఎన్ని తరగతి గదులు వారిని గురువులుగా ఆహ్వానించాయన్నది మరొక ప్రశ్న. నడిచే గ్రంథాలయాల వంటి ఇటువంటి పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతుండగా, వాచకాల సవరణకు పట్టే సంవత్సరాల లెక్క వేరుగా చూసుకోవలసి వస్తుంది.

కథకుల తరం

ఆధునిక సాహిత్యం ఈ విషయంలో పాఠ్యపుస్తకం కంటె ముందు నడిచింది. అల్లం రాజయ్య, సాహు కలిసి రచించిన ‘కొమురం భీం’ నవల జోడేఘాట్ పోరాటాన్ని తెలుగు పాఠకుల ముందుంచింది. బయటివారు శ్రద్ధగా విని రాసిన రచనగా దాని స్థానం దానిదే. ఆ తరువాతి తరంలో ఆదివాసి, గిరిజన సమాజాలలో పుట్టినవారే కలం పట్టారు. జాతాపు సమాజం నుంచి వచ్చిన మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ వంటి కథాసంపుటాలలో ఉత్తరాంధ్ర కొండల జీవితాన్ని లోపలినుంచి చెప్పారు. లంబాడా సమాజానికి చెందిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది.

ఈ రెండు తరాల రచనల మధ్య తేడాను కేవలం రచయితల పుట్టుకతో నిర్ణయించడం తొందరపాటు. తేడా కథనస్థానంలో ఉంది. బయటివాడు రాసినప్పుడు గూడెం వివరణ కోరే వస్తువు అవుతుంది. చెట్టుకూ పిట్టకూ దేవతకూ అర్థం చెప్పవలసి వస్తుంది. లోపలివాడు రాసినప్పుడు వివరణ తగ్గి జీవితం ముందుకు వస్తుంది. బడి, ఆసుపత్రి, అటవీ శాఖ ఉద్యోగి, సంతలోని వర్తకుడు వివరణ కోరే వింతలుగా మారతారు. మైదాన ప్రాంతపు విద్యార్థి తన సమాజాన్ని ఇతరుల కంటితో చూసుకునే అరుదైన అవకాశం అటువంటి కథలోనే దొరుకుతుంది. తరగతి గదికి అది గొప్ప ప్రయోజనం. అందువల్ల ఇటువంటి కథను ‘గిరిజన జీవనం’ అన్న శీర్షిక కింద సమాచారంగా కాక, కథాశిల్పం చెప్పే పాఠాలలో కథగానే చేర్చడం న్యాయం. మాండలిక పదాలకూ ఇతర భాషల పదాలకూ పుస్తకం చివర అర్థాలిస్తే చాలు. వాటిని ‘శుద్ధి’ చేస్తే కథ ప్రాణం పోతుంది.

ఆదివాసికి ఒకే గొంతు ఉందనుకోవడం కూడా పొరపాటే. గోండుకూ లంబాడాకూ, కోయకూ కొండరెడ్డికీ చరిత్రలు వేరు, అవసరాలు వేరు, ఒక్కొక్కప్పుడు వాదాలు కూడా వేరు. ఒక కథను చేర్చి, అందరి పక్షాన మాట్లాడించామని తృప్తిపడడం పాత ‘వారు’కు కొత్త ముసుగు వేయడమే.

గురువు ఎవరు?

పుస్తకం ఎంత మారినా దానిని పలికించేది ఉపాధ్యాయుడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 సంవత్సరపు జనవరిలో జారీ చేసిన 3వ నంబరు ఉత్తర్వు షెడ్యూల్డు ప్రాంతాలలోని ఉపాధ్యాయ ఉద్యోగాలన్నింటినీ స్థానిక షెడ్యూల్డు తెగల అభ్యర్థులకే కేటాయించింది. గైర్హాజరీ సమస్య, భాష సమస్య రెండింటికీ అది పరిష్కారం కాగలదని భావించారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది. న్యాయపరమైన అంశం ఎలా ఉన్నా, విద్యాపరమైన ప్రశ్న అలాగే ఉంది. గోండీ తెలియని గురువు గోండీ వాచకాన్ని ఎలా బోధిస్తాడు? ఉద్యోగానికి పుట్టుకను అర్హతగా నిర్ణయించడానికి పరిమితులు ఉండవచ్చు. ఆ పాఠశాలలోని పిల్లల భాష తెలిసి ఉండడాన్ని అర్హతగా పరిగణించడం మాత్రం బోధన స్వభావం నుంచే వచ్చే నియమం. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో ఒక ఆదివాసి భాషను నేర్పే ఏర్పాటు విరివిగా ఉంటే, మైదాన ప్రాంతపు ఉపాధ్యాయుడు కూడా గిడుగు నడిచిన బాటలో నడవగలడు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరం ప్రాంతంలో ప్రారంభమైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2023 నాటి చట్టంతో తెలంగాణలోని ములుగుకు మంజూరైన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఈ బాధ్యతకు సహజమైన వేదికలు.

ఇతర దేశాల అనుభవం కూడా ఈ దిశనే చూపుతున్నది. న్యూజిలాండ్‌లో మావోరీ పెద్దలు 1982లో ‘కోహంగా రేయో’ అనే శిశుశాలలను ప్రారంభించారు. అవ్వాతాతలే ఆ బడిలో గురువులు. మావోరీ 1987లో ఆ దేశపు అధికార భాష అయింది. కెనడాలో ఆదివాసి పిల్లలను ఇళ్ల నుంచి వేరుచేసిన వసతి పాఠశాలల చరిత్రను విచారించిన సత్య సమన్వయ సంఘం, 2015లో ఆ చరిత్రను దేశంలోని విద్యార్థులందరికీ బోధించాలని కోరింది. మొదటిది ఆదివాసి బిడ్డ కోసం, రెండవది తక్కినవారందరి కోసం. తెలుగు ప్రాంతాలకు ఈ రెండూ అవసరమే.

నటేశన్ నగర్ విద్యార్థి

మొదట వాయిదా వేసిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానం వెతకవచ్చు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చాలాకాలం సొంత పాఠ్యపుస్తకాలు లేవు. పుదుచ్చేరి, కారైక్కాల్‌లలో తమిళనాడు వాచకాలు, మాహేలో కేరళ వాచకాలు, యానాంలో ఆంధ్రప్రదేశ్ వాచకాలు చదివేవారు. 2023–24 నుంచి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను కేంద్ర మాధ్యమిక విద్యా మండలి పరిధిలోకి తెచ్చే మార్పు మొదలైంది. అరువు వాచకంలోని ‘మనం’ ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ ప్రతి విద్యార్థికీ వర్తిస్తుంది. యానాం విద్యార్థికి ఢిల్లీలో కూర్చిన వాచకంలో తన ఊరు కనబడకపోతే కలిగే వెలితి, కోయ విద్యార్థికి తెలుగు వాచకంలో కలిగే వెలితికి చాలా దగ్గరిది. తన వెలితిని గుర్తించినవాడు ఎదుటివాని వెలితిని సులభంగా గుర్తించగలడు.

అంతేకాదు, ఆదివాసి పుదుచ్చేరికి దూరస్థుడు కాడు. 2016 డిసెంబరు వరకు ఈ ప్రాంతపు షెడ్యూల్డు తెగల జాబితాలో ఒక్క పేరు కూడా లేదు. ఆ నెలలో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ఇరుళర్లను (విల్లి, వేటకారర్ వర్గాలతో సహా) తొలిసారిగా గుర్తించింది. అంటే అంతవరకు ఇరుళ బాలుడు తన ఊరి తరగతిలోనే ప్రభుత్వ పత్రాలలో పేరులేని వాడుగా కూర్చున్నాడు. అతని పెద్దల వద్ద ఉన్న విద్య మాత్రం చిన్నది కాదు. పొరుగున ఉన్న తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళర్ల పాముపట్టువారి సహకార సంఘం సేకరించే విషం, దేశంలో పాముకాటు మందు తయారీకి ముఖ్యమైన ఆధారం. ఆ సమాజానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ లభించింది. జీవశాస్త్ర పాఠంలో సర్పవిషం గురించి చెప్పేటప్పుడు ఈ పేర్లు ఉచ్చరించడానికి కొత్త పుస్తకం అవసరం లేదు, ఉపాధ్యాయుని సంకల్పం చాలు. ఆ తరగతిలో ఇరుళ బాలుడు ఒకడుంటే, ఆ రోజు మిగిలిన పిల్లలు అతనివైపు కొత్తగా తిరిగి చూస్తారు.

యానాం వైపు దృష్టి సారిస్తే, ఆ పట్టణాన్ని తాకి సముద్రంలో కలిసే గౌతమి పాపికొండల మీదుగా, కోయల, కొండరెడ్ల గూడేల పక్కగా పారి వచ్చిన నీరే. పోలవరం జలాశయం కింద ఆ గూడేలలో అనేకం తరలిపోవలసి వచ్చింది. తరలిన ఊళ్ల పేర్లు, ఆ పేర్లలోని భాష, ఆ రేవుల కథలు ఏ వాచకంలోనూ చేరకముందే కనుమరుగైతే, దిగువన ఆ నీరు తాగే పిల్లలకు తమ నది చరిత్ర సగమే తెలుస్తుంది.

ఇంతకూ ఆదివాసి గొంతు తరగతిలోకి వచ్చిందని నిర్ధారించడం ఎలా? పుస్తకంలో బొమ్మ ఉండడం దానికి గుర్తు కాదు. పాఠంలో ఒక సవర పెద్ద ‘మేము’ అని చెప్పుకోగలగాలి. అది విని తెలుగు విద్యార్థి ప్రశ్న అడగగలగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం సవర పెద్దకే ఉండాలి. ఈ మూడూ సమకూరిన తరగతిలో ‘మనం’ అనే మాట, పాఠం రాసినవారి ఊహగా మిగలక, కలిసి కూర్చున్న పిల్లల అనుభవం అవుతుంది. గిడుగు వంటివారు ఒక్కరుగా, సొంత వ్యయంతో ఆ పనిని మొదలుపెట్టారు. చట్టాలు, విశ్వవిద్యాలయాలు, అచ్చుయంత్రాలు, యూనికోడ్ అక్షరాలు అందుబాటులో ఉన్న కాలంలో దానిని కొనసాగించడం అంతకంటె కష్టమైన పని కాకూడదు. పాఠ్యప్రణాళికలు రచించేవారు, వాటిని ఆమోదించే అధికారులు, వాటిని పలికించే ఉపాధ్యాయులు ఈ బాధ్యతను గుర్తించడం, పాడగల పెద్దలు ఇంకా మిగిలి ఉండగానే గుర్తించడం ఎంతైనా అవసరం.